గొఱ్ఱెలకును మేకలకును గంతలు: వాని తయారీ, వాడుక

బరువు మోయు జంతువులనగనే మనకు ఎద్దు, గాడిద, గుఱ్ఱము తలపునకు వచ్చును. బండిబాటలు లేని దినములలో లంబాడీలు సముద్రతీరపు టుప్పును ఎద్దులమీద కెత్తి దక్కను పీఠభూమికి తోలుకొనిపోయెడివారు. అట్టి ఎద్దు వీపున వేయు మెత్తను గంత యనియు, దానిపై నుండి యిరుప్రక్కల వ్రేలాడు జంటసంచిని కంటలము లేక పెరిక యనియు మనవారు వ్యవహరించిరి. “గంతకు తగిన బొంత” యను సామెత నేటికిని నిలిచియున్నది గాని గంతను కన్నులజూచినవారు మాత్రము తక్కువ. సంతలో నడిగిన దొరకదు, కుట్టువాడును అరుదు.

ఇక గొఱ్ఱెకును మేకకును గంత గలదనిన చదువరులలో ననేకులు నవ్వవచ్చును. మాంసము, పాలు, ఉన్ని, పొలములో మంద కట్టించినపుడు దొరకు ఎరువు: ఇవియే మన మెఱిగిన యుపయోగములు. కాని మన దేశపు టుత్తరపు సరిహద్దున కొన్ని వందల యేండ్లు ఒక పెద్ద వర్తకము గొఱ్ఱెల వీపుపైననే నడచినది. ఆ వర్తకులు వాడిన సంచి యెట్టిదో, ఇటీవల అమెరికాలో మేకలకు చేయుచున్న గంత యెట్టిదో తెలిసికొనినచో, కొండకాలిబాటలపై స్వల్పభారములను మోసికొనవలసిన సభ్యులకు ఇది పనికివచ్చునో రాదో వారే నిర్ణయించుకొనగలరు.

కుమాయూను, గఢ్వాలు కొండలలో, నేటి ఉత్తరాఖండ రాష్ట్రమునందు, భోటియా లను ప్రజలున్నారు. జోహార్, దార్మా, బ్యాన్స్, నీతి, మాణా మున్నగు లోయలు వారి నివాసములు. ఈ లోయల కొసలనున్న కనుమలు 5,000 మీటర్లకు మించిన యెత్తున నుండును. వేసవిలో మంచు కరగిన కొలది నెలలు మాత్రమే అవి దాటుటకు వీలగును. ఆ నెలలలో భోటియాలు దిగువనుండి ధాన్యము, పిండి, బెల్లము, బట్టలు కొనిపోయి టిబెట్టులోని జ్ఞానిమా, తక్లాకోట్ సంతలలో ఉప్పు, ఉన్ని, వెలిగారము తెచ్చుకొనెడివారు. మన కంసాలి బంగారు నతుకుటకు వాడు వెలిగారమునకే సంస్కృతమున టంకణమని పేరు. రసాయన కర్మాగారములు వెలయకముందు హిందూదేశమునకు వెలిగారము ముఖ్యముగా టిబెట్టు, లడఖు ప్రాంతముల సరస్సులనుండియే దిగుచుండెను. అందు గొప్పభాగము గొఱ్ఱె మేకల వీపునెక్కియే కొండలు దిగినది.

ఈ వర్తకమునకు కట్టుబాటు కూడ గలదు. ప్రతి భోటియా కుటుంబమునకును టిబెట్టున నొక స్థిరమైన మిత్రకుటుంబ ముండెడిది. ఒడంబడిక నాడు ఒక రాతిని పగులగొట్టి చెఱియొక ముక్క నుంచుకొనుట యాచారము. కాగితము లేదు, సాక్షిసంతకము లేదు. ముక్కకు ముక్క యతికినచో ఆ పొత్తు తరములకొలది చెల్లినది. ఋణపత్రములపై ఎన్నియో సంతకములు పెట్టించుకొనియు బాకీల వసూలుకు తిరుగు మన పరపతి సంఘములవారు దీనిని విని యించుక అసూయపడినను తప్పులేదు!

గుఱ్ఱమును కంచరగాడిదను విడిచి గొఱ్ఱెను ఏల యెంచుకొనిరి? మొదటిది మేత. గుఱ్ఱమునకు దాణా మోయవలెను. ఎక్కువ దినముల ప్రయాణమున అది మోయు బరువులో కొంత దాని కడుపునకే చాలును. గొఱ్ఱె దారిపొడుగున గడ్డి కొఱుకుకొనుచు నడచును. రెండవది బాట. కొండచఱియలపై మూరెడు వెడల్పుగల త్రోవలో నిండుబరువుతో గుఱ్ఱము తడబడు చోట గొఱ్ఱె నిలుకడగా నడచును. ఒకవేళ జారి లోయలో బడినను పోవునది పది కిలోల సరకు, ఒక చిన్న ప్రాణి. యజమాని నిలువున మునుగడు. మూడవది, దారిలోనే యాదాయము. సంతకు జేరినపిమ్మట ఉన్ని కత్తిరించి యమ్ముకొనవచ్చును. అవసరమైన జంతువునే యమ్మవచ్చును. గుఱ్ఱమున కీ సౌకర్యము లేదు.

కాని లోపములును గలవు. మేయుచు నడుచుటచే దినమునకు సాగు దూరము స్వల్పము. పని మిక్కిలి హెచ్చు. లెక్క చూడుడు. నూఱు జంతువులు పది కిలోల చొప్పున మోసినచో మొత్తము ఒక టన్ను. ఉదయమున నెత్తుటకు జంతువునకు రెండు నిమిషములు పట్టిన నూఱింటికి రెండు వందల నిమిషములు. సాయంకాలము దింపుటకు మఱికొంత. ఇద్దఱు మనుష్యులు పంచుకొనినను ఎత్తుటకే గంటన్నర దాటును. రాత్రి బరువు దింపక యుంచుట కూడదు; గొఱ్ఱె బరువుతో పండుకొనినచో సంచి యొరసి పుండగును. దింపిన సంచులను వారు వరుసగా పేర్చి గోడవలె కట్టి ఆ చాటున గాలి తగులకుండ పండుకొనెడివారు. మందకు చిఱుతపులి బెడద యుండుటచే కుక్కల మెడకు ముండ్లుగల యినుపపట్టెలు వేసి కాపుంచెడివారు.

ఇంకొక సంగతి ముఖ్యముగా గుర్తింపవలెను. గొఱ్ఱె మోయు సరకు స్వల్పస్థలమున హెచ్చు బరువు తూగునదై యుండవలెను. ఉప్పు, వెలిగారము, ధాన్యము, పప్పులు అట్టివి. ఎండుగడ్డి, పుల్లలు, గంపలలోని కూరగాయలు అట్టివి గావు. బరువు తక్కువైనను ప్రక్కలకు పొడుచుకొనివచ్చు సరకు పొదలలో తగులుకొనును, నడుచు కాళ్లను కొట్టును. గొఱ్ఱెతో వర్తకము ముఖ్యముగా ఉప్పువర్తకమగుటకు ఇదియే మూలకారణమని నా యభిప్రాయము.

ఇక సంచి సంగతి. కుమాయూనులో దీనిని కర్బచ్ అందురు. ముతక ఉన్నితోగాని మేకవెండ్రుకలతోగాని గట్టిగా నేసిన చిన్న జంటసంచి యిది. రాళ్లకు రాచుకొను భాగములకు తోలు వేసి కుట్టుదురు. చెఱి యొక సంచిలో నాలుగైదు, బలిష్ఠమైన మేకపోతునకు ఆరేడు కిలోలు పట్టును. రెండు సంచులను కలుపు పట్టీ వీపుమీద వచ్చును. ముందుకు జారకుండ తోకక్రిందుగా నొక త్రాడు, వెనుకకు జారకుండ ఱొమ్ముమీదుగా నొక త్రాడు, పక్కకు తిరుగకుండ పొట్టక్రిందుగా మఱియొకటి. కఱ్ఱచట్ర మేమియు లేదు. కత్తిరింపని ఉన్నియే గొఱ్ఱెకు మెత్త. టిబెట్టు భాషలో లుగ్ అనగా గొఱ్ఱె, ఖల్ అనగా బరువు. రెండును జేరిన లుకల్ అను మాటకు గొఱ్ఱె మోయు బరువనియు, ఆ సంచియనియు అర్థము. ఒక జాతి తన కొలతను గొఱ్ఱె వీపునుండి గ్రహించినదనిన అది వారి బ్రతుకులో నెంత స్థానమాక్రమించినదో యూహింపవచ్చును. లడఖులో ఛాంగ్పా లను కాపరులు త్సోకర్ సరస్సు ఉప్పును ఇట్లే గొఱ్ఱెలపై జన్‌స్కారునకు గొనిపోయి యవలు మార్చుకొనెడివారు. నేపాళములోని హుమ్లా, డోల్పో ప్రాంతములవారును ఇట్టివారే: వేసవిలో ఉత్తరమునకు బోయి ధాన్యమిచ్చి ఉప్పు తెచ్చుట, చలికాలమున ఆ యుప్పును దిగువకొండలలో బియ్యమునకు మార్చుట.

1962 లో చైనాతో యుద్ధము రాగా కుమాయూను, గఢ్వాలు కనుమలు మూతపడినవి. భోటియా కుటుంబములు ఒక్క యేడాదిలో తమ వృత్తిని గోల్పోయినవి. పలువురు మందల నమ్మివేసి యుద్యోగములకు దిగిరి. లిపులేఖ్ కనుమద్వారా వర్తకము 1992 లో మఱల తెఱచిరి గాని పూర్వపు గొఱ్ఱెబారులు తిరిగి రాలేదు. నేపాళమున మఱి కొంతకాలము సాగినను, అయోడిను గలిపిన హిందూదేశపు టుప్పు చౌకగా కొండలకెక్కుటచే టిబెట్టు ఉప్పునకు గిరాకి తగ్గెను. గ్రామముల సాముదాయిక అడవులలో పైవారి మందలను మేయనీయకపోవుట రెండవ దెబ్బ. దారిలో మేత యుచితమగుటయే గొఱ్ఱె వర్తకమునకు ప్రాణము. మేతకు వెల కట్టవలసివచ్చినపుడు లెక్క తాఱుమాఱైనది. మన ప్రాంతమున దీనిని తలపెట్టువారు అన్నిటికంటె ముందుగా ఈ ప్రశ్న వేసికొనవలెను.

మన దేశపు మేకజాతులలో గద్దీ, చిగు, ఛాంగ్‌థాంగీ పోతులను కొండలలో బరువునకు వాడుట గలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ యాలోచన వేఱు త్రోవలో వచ్చినది. వయోమింగ్ రాష్ట్రమున కొండగొఱ్ఱెలను పరిశీలించు పనిలోనున్న జాన్ మియోన్‌చిన్‌స్కీ అను నాతడు 1970 ప్రాంతపు సంవత్సరములలో తన సామగ్రిని మేకలమీద కెత్తి మోయించెను. ఆయన దానినిగూర్చి 1992 లో ఒక పుస్తకమును ప్రకటించెను. నేడు అచట కొండలలో విహరించువారికై మేకగంతలను చేసి యమ్ము చిన్న కార్ఖానాలే యున్నవి. ఐనను పెంపుడు మేకలనుండి అడవిగొఱ్ఱెలకు ఊపిరితిత్తుల జబ్బు సోకునను భయముచేత కొన్ని యడవులలో మేకలను రానీయుట లేదు.

వారి గంత కఱ్ఱచట్రము గలది. వెన్నెముకకు చెఱియొక ప్రక్కను పక్కటెముకలపై ఆనునట్లు రెండు పలకలు. వానిని ముందొకటి, వెనుకొకటి గుణకారపు గుర్తువలె అడ్డముగా బిగించిన రెండు జతల కఱ్ఱలు కలుపును. ఆ కొమ్ములకు సంచులు తగిలింతురు. దీని మర్మమంతయు ఒక్కటే: బరువు వెన్నుపూసపై బడక ప్రక్క యెముకలపై బడవలెను. పలకల నడుమ వెన్నుపైని ఖాళీ యుండి గాలియాడవలెను. గొఱ్ఱెకు కొవ్వు, ఉన్ని యుండుటచే జంటసంచిని నేరుగా వేసినను కొంతవఱకు చెల్లును. మేకకు వెన్ను కత్తివలె నుండును. దానిపై సంచిపట్టీని నేరుగా వేసినచో రెండు దినములలో చర్మము లేచిపోవును. మన నెల్లూరు గొఱ్ఱెకు ఉన్ని లేదు, వెండ్రుకలే; కావున దానిని కూడ మేకవలెనే యెంచి మెత్త వేయవలెను. ఉన్ని గల దక్కనీ గొఱ్ఱె యిందుకు కొంత మెఱుగు.

కొనదలచినవారు అంగళ్లు వెదకి కాలము గడపుటకంటె ఇంటనే చేయించుకొనుట మేలు. గంత జంతువునకు తగినదై యుండవలెను. ఒకదానికి చేసినది వేఱొకదానికి సరిపడకపోవచ్చును.

మొదట కొలత. మెత్తని ఇనుపతీగను జంతువు వీపుమీద భుజపుటెముకకు వెనుకగా అడ్డముగా నుంచి, వీపు వంపుననుసరించి నొక్కవలెను. ఆ వంపును చెడకుండ దీసి అట్టపై గీయవలెను. కడపటి పక్కటెముకకు ముందొక చోట మఱల ఇట్లే చేయవలెను. ఈ రెండు గీతలును సమముగా నుండవు. ముందుభాగ మొక వాలు, వెనుకభాగ మొక వాలు. వడ్రంగి ఈ రెండు గీతల ననుసరించి పలకల అడుగును చెక్కవలెను. పలక పొడవు భుజపుటెముక వెనుకనుండి కడపటి పక్కటెముకవఱకే. అంతకు మించి నడుముమీదికి పోగూడదు. నడుమునకు క్రింద ఎముకల యాధారము లేదు. బరువులేనిది, చీలనిది యగు కఱ్ఱ నెంచుకొని, అంచులన్నియు గుండ్రముగా చేసి, నున్నగా రుద్దవలెను. అడ్డకఱ్ఱలను నడుమ సగము సగము చెక్కి ఒకదాని నొకటి యిమిడ్చి బోల్టు వేసిన కదలవు. మేకులతో బిగించినది కొలది దినములలో వదులగును; మేకుతల పైకి తేలి జంతువును గీఱును.

పలకల క్రింద మెత్త. దీనికి మన గొంగళికంటె మంచిది లేదు. పాత గొంగళిని రెండు మూడు మడతలుగా మడచి, పలకలకంటె నాలుగు వ్రేళ్లు నలువైపుల హెచ్చుగా నుండునట్లు కుట్టించవలెను. గోనెగుడ్డ చెమటకు బిరుసెక్కి చర్మమును గీఱును. సంచులకు మాత్రము గట్టి గోనె, కాన్వాసు పనికివచ్చును. గొంగళి నేయు కురుమలచేత ముతక ఉన్నితో కర్బచ్ వంటి జంటసంచులను నేయించుటయు సాధ్యమే. దక్కనీ ఉన్నికి గిరాకి సన్నగిల్లిన ఈ దినములలో అది వారికొక చిన్న పనియగును.

పట్టెడలు మూడు. పొట్టపట్టెడ వెడల్పైన నవారుతో చేయవలెను, సన్నత్రాడు కోయును. ఇది ముందుకాళ్ల వెనుక ఱొమ్మెముకపై బిగియవలెను గాని మెత్తని పొట్టపై గాదు. బిగించిన పిమ్మట రెండు వ్రేళ్లు దూరవలెను. పోతులకు మూత్రము పట్టెడకు తగులకుండ చూడవలెను. ఱొమ్ముపట్టెడ గొంతునకు నొక్కరాదు. భుజపుకీలుకు కొంచెము పైగా నుండవలెను. వెనుకపట్టెడ తొడల వెనుకగా వచ్చి, దిగుడుబాటలో గంత మెడమీదికి జారకుండ నాపును. ఎక్కుడు దిగుడు లేని చోట ఈ రెంటిని వదులుగా నుంచవచ్చును గాని విడువరాదు. గొఱ్ఱె వీపు గుండ్రన. గంత తిరుగబడుట దానికి సులభము.

బరువెంత? జంతువు బరువులో నాలుగవ వంతునకు మించరాదనుట అనుభవజ్ఞుల మాట. ఐదవ వంతుతో తృప్తిపడుట క్షేమము. ఇందు గంత బరువు కూడ చేరియున్నది. నలువది కిలోల పొట్టేలునకు ఐదవ వంతు ఎనిమిది కిలోలు. గంత, మెత్త, పట్టెడలు కలిసి రెండు కిలోలైనచో సరకు ఆరు కిలోలు, ప్రక్కకు మూడు. ఈ యంకెను జూచి కొందఱు నిరుత్సాహపడుదురు. పడవలసినదే. మైదానమున బండి పోవుచోట, ఆటో వచ్చుచోట, పొట్టేలుపై ఆరు కిలోలు మోయించుట పిల్లలయాట. బాట లేని కొండయూరికి విత్తనములు, ఉప్పు, మందు సీసాలు చేర్చుటకును, మందతో దూరపు మేతకు బోవు కాపరి తన బియ్యమును గొంగళిని మోయించుకొనుటకును మాత్రమే దీనిని నేను సిఫారసు చేయుదును. కాపరి విషయమున లెక్క మిగుల ననుకూలము: మంద యెటులను నడచును, మేత యెటులను మేయును, రెండు మూడు పోతులు అతని తలబరువును పంచుకొనిన చాలును.

రెండు ప్రక్కల బరువును తూచి నింపవలెను. చేతి యందాజు చాలదు. పావుకిలో భేదము ఒక మైలులో గంతను ఒరగించును. త్రాసు లేనిచో ఒక కఱ్ఱను నడుమ త్రాటితో వ్రేలాడగట్టి, సంచులను చెఱియొక కొసను తగిలించి చూడవచ్చును.

పనికి విత్తులు తీసిన పోతులే మేలు. అవి పొగరుబట్టవు, ఆడువాని వెంట బరుగిడవు. ఏడాది నిండిన పిమ్మట వట్టి గంతను వేసి అలవాటు చేయవచ్చును. రెండవ యేట తేలికయైన సంచులు. నిండుబరువు నాలుగవ యేటగాని తగదు. అప్పటికిగాని యెముకలు ముదురవు. పిల్లనాటినుండి మనుష్యుని వెంట తిరిగిన మేక పలుపు లేకయే వెంబడించును. గిట్టలు పెరిగి వంకరపోయిన జంతువునకు బరువు వేయరాదు. ముందు గిట్టలు చెక్కింపవలెను.

గంత సరిపడినదో లేదో జంతువే చెప్పును. ఒక గంట నడిపించి గంత విప్పగానే మెత్తక్రింది వెండ్రుకలను చూడుడు. చెమట తడి అంతటను సమముగా నున్న మంచిది. చుట్టును తడిసి నడుమ నొక చోట పొడిగా నున్నచో అచట పలక అదుముచున్నదని తెలిసికొనుడు. ఆ చోటను పలకను గీచి లోతు చేయవలెను. మెత్తను మఱింత దళసరి చేయుట మందు కాదు. బిగువైన చెప్పులో రెండు మేజోళ్లు తొడిగినట్లగును. వెండ్రుకలు రాలుట, చేయి వేసినంతనే వీపు లోనికి కుంగించుట, వాపు: ఈ గుర్తులలో నేది కనబడినను ఆనాడే పని మానిపించవలెను. పుండైన పిమ్మట ఈగ వ్రాలి పురుగు పట్టును. పురుగు పట్టిన పొట్టేలు విలువ సగమునకు దిగును. ఒకొక్కపుడు దక్కనే దక్కదు. పది దినములు మోయించి మిగుల్చుకొన్న కూలి యొక పుండుతో పోవును.

మన యెండలు హిమాలయపు చలికి సరిపోలవు. 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము భారవాహక జంతువులను దినమునకు తొమ్మిది గంటలకు మించియు, విశ్రాంతి లేక ఐదు గంటలకు మించియు పని చేయింపరాదు. ఉష్ణత 37 డిగ్రీలు దాటిన చోట పగలు పండ్రెండు మొదలు మూడువఱకు వాడరాదు. జంతువునకు మోయజాలని బరువు వేయుట 1960 నాటి చట్టము క్రింద నేరము. గొఱ్ఱె మేకల విషయమున నేననునది యింకను కఠినము: ప్రొద్దెక్కకముందు బయలుదేఱి, ఎండ ముదురకముందే బరువు దింపుడు. చైత్రము మొదలు ఆషాఢమువఱకు మైదానమునందు ఈ పనిని తలపెట్టకుడు.

సంఘములవారు సభ్యులకై ఒకేసారి ఏబది గంతలకు పురమాయింపవలదు. రెండింటిని చేయించి, కొండయూరి సభ్యు నొకనికి ఒక కారు వాడనిచ్చి, వారమునకొకసారి జంతువు వీపును, బరువును నమోదు చేయించుడు. వడ్రంగికి కొలతల యట్టలను భద్రపఱచుమని చెప్పుడు. పొట్టేలు బలిసినపుడును చిక్కినపుడును వీపు వంపు మాఱును గనుక ప్రతి కారునకు ముందు మఱల కొలవవలసియుండును. పని ముగిసినపిమ్మట మెత్తను ఎండలో ఆరవేసి, దులిపి, చెమటయుప్పు గట్టిపడకముందే ఉదికి, గంతను నేలపై గాక చూరునకు వ్రేలాడదీయవలెను. తోలుపట్టెడలను ఎలుకలు కొఱుకును. వానిని మూతగల డబ్బాలో నుంచుడు.